మన్ను తెలిసిన పిదపనే మందు

(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ వేదికపైనుండి చదువును గూర్చియో, మాతృభాషను గూర్చియో నాలుగు మాటలు చెప్పుట మాకు వాడుక. ఈ యేడు మన్నును గూర్చి చెప్పదలచితిమి. బడి పండుగనాడు మట్టి మాట యేల యని కొందరు తలపవచ్చును. కారణము కలదు. గడచిన కార్తీకపు వానలలో తూర్పు పల్లెనుండి మన బడికి వచ్చు బండిబాట మోకాటిలోతు బురద యయ్యెను. ఆ పల్లెలోని చిన్న తరగతుల పిల్లలు వరుసగా ఆరు దినములు బడికి రాలేకపోయిరి. పాఠము తప్పిన పిల్లవానికి మరల చెప్పవచ్చును. బడి మానుటకు అలవాటుపడిన పిల్లవానిని మరల తెచ్చుట మాత్రము మిక్కిలి కష్టము. మనది చిన్న బడి. ఒక్కొక్క పిల్లవాడును మనకు ముఖ్యుడే.

వానలు వెలిసిన పిదప ఒక వర్తకుడు ఊరిలోనికి వచ్చెను. అతనియొద్ద నొక డబ్బాలో చింతపండు పులుసు రంగుగల ద్రవము కలదు. "దీనిని నీళ్ళలో కలిపి మట్టిపై చల్లండి. కంకర అక్కరలేదు, తారు అక్కరలేదు, మన్నే రాయి అయిపోతుంది. ఇది ఎంజైము" అని చెప్పెను. చందాలు వేసికొని ఆ బాటను బాగుచేసికొందమని అప్పటికే తలచియున్న పెద్దలలో కొందరు ఉత్సాహపడిరి, కొందరు నవ్విరి. తుదకు మా వైపు తిరిగి, "అయ్యవారూ, ఇది నిజమా, మోసమా? మీరు చదివి చెప్పండి" అని అడిగిరి. మేము ఇంజనీరులము కాము. అయినను ఊరు అడిగిన ప్రశ్నకు చదివి సమాధానము చెప్పుట బడిపంతులు ధర్మము. అందువలన దొరికినంత చదివితిమి. నేటి ప్రసంగము ఆ ప్రశ్నకు మా సమాధానము.

ముందుగా ఎంజైమనగా నేమో పిల్లలకు తెలియవలెను. మన యిండ్లలో రాగులను నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టింతురు. ఆ పిండితో కాచిన జావ పలుచగాను, కొంచెము తియ్యగాను ఉండును. దానిలో చక్కెర వేసినవారు లేరు. మొలకెత్తు గింజలో పుట్టిన యొక పదార్థము పిండిని విరిచి చక్కెరగా మార్చినది. అట్టి పదార్థమును 1833లో పాయెన్, పెర్సో అను ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మొలకెత్తిన బార్లీనుండి తీసి చూపిరి. 1897లో జర్మనీ దేశీయుడు బుక్నరు ఈస్టు కణములను నలిపి, ప్రాణము లేని వాని రసము సైతము చక్కెరను పులియజేయగలదని నిరూపించెను. 1926లో అమెరికాయందు సమ్నరు అను నాతడు మన తమ్మకాయకు దాయాదియైన యొక చిక్కుడు జాతి గింజనుండి యూరియేజు అను ఎంజైమును స్ఫటికములుగా తీసి, అది మాంసకృత్తియని తెలిపెను.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసిన నీతి యొక్కటి కలదు. ఎంజైము తాను ఖర్చు కాకుండ పనిని త్వరపరచును. కాని ఒక్కొక్క ఎంజైమునకు ఒక్కొక్క పనియే తెలియును. రాగిపిండిని చక్కెరగా మార్చునది నూనెను ముట్టదు. అది పనిచేయదగిన వస్తువు ఎదుట లేనిచో ఊరకయే యుండును. ఈ మాటను మనసున నుంచుకొనుడు. బాట విషయమున ఇదియే మూలము.

ఇక మన పెద్దల యనుభవమును చూతము. పూర్వము మిద్దె యిండ్లు కట్టునపుడు గానుగ సున్నములో కరక్కాయ నానిన నీరును, బెల్లపు నీరును కలిపి మురగబెట్టెడివారు. మట్టిగోడ పెట్టుటకు ముందు మన్నులో గడ్డి వేసి, నీరు పోసి, కొన్ని దినములు నాననిచ్చి, కాళ్ళతో తొక్కెడివారు. గడ్డి కుళ్ళునపుడు సూక్ష్మజీవులు జిగురుగల పదార్థములను పుట్టించును, ఆ జిగురు మన్నును పట్టియుంచును. అరుగు మెత్తుటకు పుట్టమన్ను తెచ్చెడి అవ్వలను మేము చిన్ననాట చూచితిమి. చెదపురుగులు తమ నోటి జిగురుతో మన్నురేణువులను అంటించి కట్టిన గోడ వానకు త్వరగా కరగదు. మన పూర్వులకు ఎంజైములు తెలియునని డంబము పలుకుట తగదు. వారికి తెలిసినది అనుభవము. ఏ మన్ను దేనికి పనికివచ్చునో వారికి చేతికి తెలియును. ఆ చేతి తెలివి నేడు మనకు తగ్గినది, డబ్బాలోని ద్రవము మాత్రము వచ్చినది.

ఆ ద్రవము చేయు పని యేమి? మన్నులో ఇసుక, ఒండు, బంక యని మూడు విధములైన రేణువులు కలవు. ఇసుక రేణువు కంటికి కనబడును. బంక రేణువు మిక్కిలి సన్నని పలుచని రేకు వంటిది. దాని ముఖముపై ఋణ విద్యుత్తు కలదు. అందువలన నీటిని ఆకర్షించి తన చుట్టును ఒక పొరగా పట్టుకొనును. వానకాలమున ఆ పొర దళసరియై, రేకుపై రేకు జారి, బాట బురద యగును. ఎండకాలమున నీరు పోయి, మన్ను కుంచించుకొని బీటలు వారును. చెరువు అడుగున ఈ రెండు వింతలను మనము ఏటేట చూచుచునే యున్నాము. ఎంజైము ద్రవములను అమ్మువారు చెప్పు వివరణ యిది: ద్రవములోని ఎంజైములు పెద్ద సేంద్రియ అణువులను బంక రేకులకు అంటించును, నీటిపొర పలుచబడును, రేకులు దగ్గరకు చేరును, అప్పుడు రోలరుతో తొక్కించిన మన్ను మునుపటికంటె గట్టిగా బిగియును. పరిశోధనలలో రెండు మూడు ఘనమీటర్ల మన్నునకు 200 మిల్లీలీటర్ల వంటి కొద్ది మోతాదులనే వాడిరి. అంత స్వల్పమైన ద్రవము నిజముగా పనిచేసినచో లారీలకొలది కంకర మోయు ఖర్చు తగ్గును, కొండలను పగులగొట్టుటయు తగ్గును. అందుచేతనే లోకమున దీనిపై ఆశ కలిగినది.

ఆశను పరీక్షించినవారు ఏమి కనిరి? ఇది మన పెద్దలు శ్రద్ధగా వినవలసిన భాగము. అమెరికాలో టెక్సాసు విశ్వవిద్యాలయమువారు మూడు విధములైన ద్రవములను బంకమన్నులపై పరీక్షించి 2002లో ఫలితములను ప్రకటించిరి. అందొకటి ఎంజైము ద్రవము. అమ్మువారు చెప్పిన మోతాదులలో కలిపినపుడు చెప్పుకోదగిన, నిలుకడగల మార్పు వారికి కనబడలేదు. 2005లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు తమ రాష్ట్ర రవాణా శాఖకై రెండు ఎంజైము ద్రవములను రెండు మన్నులపై పరీక్షించిరి. ఒక ద్రవము రెండు మన్నుల బిగువును సగటున నూటికి 60 పాళ్ళకు పైగా హెచ్చించెను. రెండవది ఒక మన్నున పనిచేసి, మరియొకదానియందు పనిచేయలేదు. పైగా ఒక ద్రవములో మాంసకృత్తులు మిక్కుటముగా నున్నను ఎంజైము చేయవలసిన పని కనబడలేదు. అది సబ్బునీటివలె నీటి తలమును సడలించి మన్ను బిగియుటకు తోడ్పడుచుండవచ్చునని వారు తలచిరి. మన దేశమున సూరత్కల్లులోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థవారు పడమటి తీరపు ఎర్రరాతి మన్నుపై బయో ఎంజైమును పరీక్షించి, 2009లో భారతీయ రహదారుల సంఘపు పత్రికలో తమ పనిని ప్రకటించిరి. సిమెంటు, సున్నము, బూడిదలతో మన్నును గట్టిపరచు పద్ధతులకు ఆ సంఘము 2010లో మార్గదర్శకములను ముద్రించెను. బజారులో అమ్ము గట్టిపరచు మందులకు 2018లో వేరొక భాగమును వెలువరించెను. పేరుగల మందైనను ఆ మన్నుతోనే ప్రయోగశాలలో పరీక్షించి గాని వాడరాదనుట అందలి సారము.

కాబట్టి పెద్దలు అడిగిన ప్రశ్నకు మా సమాధానమిది. వర్తకుడు చూపినది కేవలము మోసము కాదు, అతడు చెప్పినంత నిజమును కాదు. ఒకచోట మేలు చేసిన ద్రవమే మరియొకచోట నీళ్ళపాలు కావచ్చును. భేదము డబ్బాలో గాక మన్నులో నున్నది. బంక తగినంత గల మన్ను నందే ఈ ద్రవములకు పని కలదు. ఇసుక పాలు హెచ్చుగా నున్నచోట అవి పట్టుకొనుటకు ఏమియు లేదు. మన చుట్టుపట్ల నేల ఒక్క తీరున లేదు. గుట్టల దాపున గులకరాళ్ళు కలిసిన ఎర్రమన్ను, వాగుల యొడ్డున ఇసుకనేల, చెరువు క్రింద బంక. తూర్పు పల్లె బాట ఒక మైలు లోపలనే ఈ మూడింటిని దాటి వచ్చుచున్నది. అట్టి బాటకు ఒకే మందును ఒకే మోతాదున చల్లుట, బడిలోని పిల్లలందరికి ఒకే కొలత చొక్కా కుట్టించుట వంటిది.

ఇసుకకు ఎంజైము ఎందుకును పనికిరాదా యని పిల్లలు అడుగవచ్చును. సమ్నరు తీసిన యూరియేజును ఇప్పుడు జ్ఞప్తికి తెచ్చుకొనుడు. యూరియాను, కాల్షియం క్లోరైడును నీట కరగించి యూరియేజుతో కలిపి ఇసుకలోనికి పంపినచో, రేణువుల నడుమ సున్నపురాతి పలుకులు ఏర్పడి ఇసుకను అంటించును. ప్రపంచమున పలుచోట్ల దీనిపై పరిశోధన జరుగుచున్నది. అయితే ఇందు అమ్మోనియా సంబంధమైన మలినము మిగులును, ఖర్చును హెచ్చు. కాబట్టి ఇది నేటికి మన బండిబాటకు తగినది కాదు. ఎదిగిన పిల్లలు రసాయనశాస్త్రమున చదువదగిన విషయమని మాత్రము చెప్పుచున్నాము.

మందు సంగతి యటుండగా, మందు లేకయే చేయవలసిన పనులు రెండు కలవు. వీనిని చేయక ఏ ద్రవము చల్లినను ఫలము లేదు.

మొదటిది నీటిని తరలించుట. స్కాట్లండు దేశీయుడగు మకాడము, రెండువందల యేండ్ల క్రిందటనే, బరువును నిజముగా మోయునది క్రిందనున్న నేలయే యనియు, దానిని పొడిగా నుంచుటయే బాట వేయువాని పని యనియు బోధించెను. మన మట్టిబాటలు ఏండ్లతరబడి బండ్లు తొక్కి పొలముకంటె పల్లమై కాలువలుగా మారినవి. బాట పొలముకంటె ఎత్తుగా నుండవలెను. నడుమ ఉబ్బి, ఇరుప్రక్కలకు వాలవలెను. మట్టిబాటకు ఆ వాలు నూటికి నాలుగైదు పాళ్ళుండుట మంచిది. 3 మీటర్ల వెడల్పు గల బాటకు నూటికి నాలుగు పాళ్ళ వాలు పెట్టినచో నడిమి భాగము అంచుకంటె 6 సెంటీమీటర్లు ఎత్తుండును. ఇరుప్రక్కల కాలువలు, పల్లమున తూములు ఉండవలెను. ఆనాటి సభలో ఒక అవ్వ, "నీళ్ళు నిలిచే చోట ఏమందు పోస్తే ఏముంది నాయనా, బురదే కదా" అన్నది. మేము చదివిన పుస్తకముల సారమంతయు ఆ ఒక్క మాటలో నున్నది.

రెండవది సరియైన తేమలో తొక్కించుట. 1933లో అమెరికా ఇంజనీరు ప్రాక్టరు ప్రతి మన్నునకును ఒక తగిన తేమ కలదనియు, ఆ తేమలో తొక్కించిననే అది మిక్కిలి బిగియుననియు చూపెను. తేమ తక్కువైన మన్ను పొడిగా విడిపోవును, ఎక్కువైన రోలరు క్రింద జారును. దీనికి చేతి పరీక్ష కలదు. మన్నును పిడికిట బిగించి ముద్ద చేసి రొమ్మెత్తునుండి గట్టినేలపై విడువుడు. పొడియై చెదరినచో నీరు చాలదు. అప్పచ్చివలె అంటుకొన్నచో నీరు ఎక్కువ. నాలుగైదు ముక్కలుగా పగిలినచో సరిపోయినది. ఎంజైము ద్రవమునకును ఈ తేమయే ప్రాణము. కావున మనవైపు ఐప్పసి, కార్తీక మాసముల వానలకు ముందు తొందరపడి గాక, తై మాసము తరువాత పొడి దినములలో పని మొదలిడవలెను.

బాటను గూర్చి చెప్పినది ఇంటికిని వర్తించును. మట్టి యిల్లనగా పేదరికమని మనవారు సిగ్గుపడుచున్నారు. పుదుచ్చేరి దాపున నున్న ఆరోవిల్లులో 1989 నుండి మట్టికట్టడములపై ఒక సంస్థ పనిచేయుచున్నది. వారు నూటికి 5 పాళ్ళు సిమెంటు కలిపి, యంత్రమున నొత్తి, కాల్చని యిటుకలను చేయుదురు. వానికి గులక 15, ఇసుక 50, ఒండు 15, బంక 20 పాళ్ళుగల మన్ను మేలని చెప్పుదురు. సున్నము కలుపునపుడు బంక 35 పాళ్ళుండవలెనందురు. అట్టి యిటుకలతో కట్టిన ఆరోవిల్లు సందర్శకుల కేంద్రమునకు 1992లో పేదల వాస్తునకై ఇచ్చు హసన్ ఫాతీ బహుమానము లభించెను. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థలో 1974లో నెలకొన్న ఆస్త్రా విభాగమువారును ఈ మార్గమున చాల కృషి చేసిరి. వీరందరును మొదట అడుగునది ఒక్కటే: "మీ మన్ను ఎట్టిది?" ఎంజైము కలిపిన యిటుకకైనను ఇదియే ప్రశ్న. ఎండినపుడు గట్టిగా నుండుట గొప్ప కాదు, ఎండిన పచ్చియిటుక యేదైనను గట్టిగానే యుండును. నీటిలో నానవేసినపుడు నిలుచుటయే గొప్ప.

కావున మేము ఊరికి చేయు మనవి యిది. వర్తకునితో ఇప్పుడే కాదనవద్దు, ఔననియు అనవద్దు. మొదట బాట వెంబడి మూడు చోట్ల మన్నును తీసి ప్రభుత్వ ఇంజనీరులకో, ఇంజనీరింగు కళాశాలకో పంపి పరీక్ష చేయించుడు. ఎత్తు, వాలు, కాలువ, తూము ఈ నాలుగింటికి చందాలో మొదటి పైకము కేటాయింపుడు. పిదప బంకనేల యున్న చోట కొన్ని గజములు ద్రవము కలిపియు, ప్రక్కనే కొన్ని గజములు కలపకయు, ఒకే తీరున తొక్కించి ఒక వానకాలము చూడుడు. రెండును ఒక్క తీరున నిలిచినచో గెలిచినది రోలరు గాని ద్రవము కాదని తెలియును. ద్రవము వేసిన తునక మేలుగా నున్నచో మేమే ముందుగా వచ్చి చందా వేయుదుము. వర్తకుడు ఈ పోటీకి ఒప్పుకొనకున్నచో అతని ద్రవముపై అతనికే నమ్మకము లేదని తలపవలెను.

విద్యార్థులారా, ఈ పనిలో మీకును పాలు కలదు. వచ్చు సంవత్సరము విజ్ఞాన సంఘమున మీచే రెండు పనులు చేయింపదలచితిమి. ఒకటి సీసా పరీక్ష. గాజు సీసాలో మూడవ వంతు మన్ను, మిగిలినది నీరు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగుగా కుదిపి నిలుపుడు. ముందు ఇసుక దిగును, ఆపై ఒండు దిగును, బంక దిగుటకు ఒక దినమో అంతకెక్కువయో పట్టును. పొరలను కొలిచి మీ పొలము, మీ వీధి, మీ చెరువు మన్నుల పట్టికను వ్రాయుడు. రెండవది ముద్దల పరీక్ష. ఒకే మన్నుతో, ఒకే తేమతో, ఒకే అచ్చులో ముద్దలు చేసి, కొన్నిట ఏమియు కలపక, కొన్నిట సున్నము, కొన్నిట సిమెంటు, కొన్నిట ఆ ద్రవము కలిపి, నీడన ఆరబెట్టి నీట వేయుడు. ఏది ఎంతసేపు నిలిచెనో గడియారము చూచి వ్రాయుడు. మీకు నచ్చిన ఫలితమును గాక కనబడిన ఫలితమునే వ్రాయుడు. శాస్త్రమనగా అంతియే.

ఆ పట్టికను తెలుగున వ్రాయుడని ప్రత్యేకముగా కోరుచున్నాము. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరెను. రాష్ట్రము మారినను మన్ను మారలేదు. మన యూరి పేరున నున్న కండిగై తెలుగువారి కండ్రిగయే. మన తమిళ సోదరులు సెమ్మణ్ణనినను, మనము ఎర్రమన్ననినను కాలికి అంటునది ఒక్కటే. వారి మాటను నేర్చుకొనుడు, మన మాటను మరువకుడు. బంక, ఒండు, చవుడు, సుద్ద, రేగడ, గరువు అని మన పెద్దలు మన్నునకు ఇన్ని పేర్లు పెట్టినది కవిత్వమునకు కాదు. ఒక్కొక్క పేరు ఒక్కొక్క పరీక్షా ఫలితము. ఆ పేర్లు పోయినచో వానిలోని తెలివియు పోవును. సెలవులలో మీ తాతలను, అవ్వలను అడిగి, ఏ మన్నునకు ఏ పేరో, అది దేనికి పనికివచ్చునో వ్రాసికొని రండు. వానిని వచ్చు సంచికలో అచ్చువేయుదుము.

తూర్పు పల్లె తల్లిదండ్రులకు తుదిగా నొక మాట. బాట బాగగుటకు ఒకటి రెండు వానకాలములు పట్టవచ్చును. అంతవరకు వాన దినములలో పెద్ద తరగతుల పిల్లలును, మేము ఉపాధ్యాయులమును వంతులవారిగా మెట్టదారిన వచ్చి మీ పిల్లలను తోడుకొని పోవుదుము. వచ్చు కార్తీకమున హాజరుపట్టీలో ఆరు గడులు ఖాళీగా నుండరాదు.